చేతి నుంచి చేతికి: మశూచి టీకా తొలి రోజులు

మా అమ్మమ్మ ఎడమ జబ్బ మీద రెండు మచ్చలుండేవి. ఒక్కోటీ పావలా బిళ్లంత. చుట్టూ గీత గీసినట్టుండి, లోపల చర్మం సన్నగా, గుంటలు గుంటలుగా ఉండేది. చిన్నప్పుడు ఆవిడ పక్కన పడుకుని వాటి మీద వేలు పెట్టి తిప్పుతూ ఉండేవాణ్ణి. "టీకాలురా, అమ్మవారు పోయకుండా వేశారు" అనేది. టీకాల వాళ్లు వస్తున్నారని తెలిస్తే ఊళ్లో పిల్లలంతా గడ్డివాముల వెనక్కి పారిపోయేవారట. అమ్మమ్మ దొరికిపోయింది, వాళ్లక్క దొరకలేదు. ఆ మరుసటి ఎండాకాలం అక్కకి పెద్దమ్మవారు పోసింది. ప్రాణమైతే దక్కింది గానీ, ముఖమంతా స్ఫోటకం మచ్చలు పడి ఒక కన్ను పోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే చూసిన నాకు, టీకా అంటే ఏమిటో వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పటివాళ్లకు అమ్మవారంటే ఆటలమ్మే తెలుసు. మశూచి అది కాదు. సోకినవాళ్లలో దాదాపు ముగ్గురికొకరు పోయేవారు. ముత్యాలమ్మ పేరులోని ముత్యాలు ఆ పొక్కులేనని మా పెద్దవాళ్లు చెప్పేవారు. పేరు పెట్టి పిలవడానికి కూడా జంకి, తల్లి అని, అమ్మవారు అని పిలుచుకున్న రోగమది.

ఈ టీకా ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మనకు రెండు జవాబులు వినిపిస్తాయి. బడి పుస్తకం జవాబు: ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లీషు డాక్టరు పాలు పితికే అమ్మాయి అన్న మాట పట్టుకుని 1796లో కనిపెట్టాడు. ఫోన్లలో తిరిగే జవాబు: అదంతా మన ధన్వంతరి ఎప్పుడో రాసిపెట్టాడు, తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు. రెంటిలోనూ కొంత నిజముంది. కానీ రెండూ అసలు సంగతిని వదిలేస్తున్నాయి. "టీకా" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి, చిక్కంతా అక్కడే పడింది. ముందు వాటిని విడదీసుకోవాలి.

రోగాన్నే అంటించే టీకా

మశూచి ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ రాదు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. రోగి పక్కన కూర్చుని సేవ చేసేది ముఖాన మచ్చలున్నవాళ్లే. దాన్నుంచే ఒక తెగింపు పుట్టింది: ఎలాగూ వచ్చేదే అయినప్పుడు, ఒళ్లు బాగున్న రోజు చూసి, మనమే కొద్దిగా రప్పించుకుంటే? చైనాలో ఎండిన పక్కుల్ని పొడి చేసి గొట్టంతో ముక్కులోకి ఊదేవారు. తుర్కీలో, ఆఫ్రికాలో కొన్ని చోట్ల, మన బెంగాల్లో చర్మం గీరి, మశూచి పొక్కులోని చీమును ఆ గాటులో అద్దేవారు.

బెంగాల్లో ఏళ్లతరబడి ఉన్న జాన్ హాల్వెల్ అనే ఇంగ్లీషువాడు ఈ పద్ధతిని కళ్లారా చూసి 1767లో లండన్‌లో అచ్చు వేయించాడు. మశూచి కాలం మొదలవక ముందే బ్రాహ్మణులు జట్లుగా బయల్దేరి ఇల్లిల్లూ తిరిగేవారని, పత్యం సరిగ్గా చేసిన ఇంట్లోనే టీకా వేసేవారని రాశాడు. నిరుటి చీము పట్టించి దాచిన దూదిని గంగనీళ్లతో తడిపి, చేతి మీద పెట్టిన సన్నని గాట్ల మీద కట్టేవారట. పిల్లకి ఎన్ని పొక్కులు రావాలని తల్లిదండ్రుల్ని అడిగేవారట కూడా, అంత నమ్మకం వాళ్లకి తమ చేతి మీద. ఆ పనికి ఆ ప్రాంతంలో ఉన్న పేరే టీకా, వేసేవాడు టీకాదారు. నుదుటి బొట్టుకు హిందీలో ఉన్న మాటే అది. పాత గ్రంథాలకు వ్యాఖ్యానంగా రాసే మన టీకాకీ దీనికీ పోలిక అక్షరాల్లోనే.

అసలు రోగాన్నే ఎక్కిస్తే మనిషి ఎలా బతికేవాడు? మామూలుగా మశూచి ముక్కు, గొంతు ద్వారా లోపలికి పోయి, ఒళ్లంతా పాకాకే బయటపడుతుంది. చర్మం మీద గాటులో మొదలైతే అది అక్కడే కొన్నాళ్లు మెల్లగా పెరుగుతుంది, ఈలోగా ఒంటికి కాచుకునే వ్యవధి దొరుకుతుంది. చాలామందికి కొద్ది పొక్కులతో పోయేది. నూటికి ఒకరిద్దరు మాత్రం చనిపోయేవారు. మామూలు మశూచి నూటికి ముప్పై మందిని తీసుకుపోతున్న రోజుల్లో తల్లిదండ్రులు ఈ లెక్కకే మొగ్గారు.

ఐరోపాకు ఇది చేరడంలో ఒక ఆడమనిషి పట్టుదల ఉంది. లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగ్యూ అనే ఇంగ్లీషు దొరసాని తమ్ముడు మశూచితో పోయాడు. ఆవిడకూ 1715లో వచ్చి కనురెప్పల వెంట్రుకలు రాలిపోయాయి, ముఖం చెడింది. భర్త తుర్కీలో రాయబారిగా వెళ్లినప్పుడు అక్కడి ముసలమ్మలు సూదితో ఈ పని చేయడం చూసింది. 1718లో కాన్‌స్టాంటినోపుల్‌లో కొడుక్కి, 1721లో లండన్‌లో కూతురికి వేయించింది. అదే ఏడు లండన్‌లో న్యూగేట్ జైల్లోని ఆరుగురు ఖైదీల మీద పరీక్షించి, బతికి బయటపడ్డాక వాళ్లని వదిలేశారు. సరిగ్గా అప్పుడే అట్లాంటిక్ అవతల బోస్టన్‌లో మశూచి చెలరేగింది. అక్కడ కాటన్ మాథర్ అనే మతాచార్యుడికి ఈ విద్య చెప్పింది ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒనెసిమస్ అనే ఆఫ్రికా మనిషి. తన దేశంలో తనకు ఇది చేశారని చేతి మీది మచ్చ చూపించాడు. మాథర్ మాట మీద జాబ్డియెల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు సుమారు 240 మందికి అంటిస్తే ఆరుగురు పోయారు. మామూలుగా సోకిన దాదాపు 5,900 మందిలో పోయినవాళ్లు 844. వైద్యంలో రెండు పక్కలా తలలు లెక్కపెట్టి పోల్చిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

కానీ ఈ టీకాలో ఒక పెద్ద లోటుంది. అంటించుకున్నది నిజం మశూచే. వేయించుకున్న పిల్ల కొద్ది జ్వరంతో లేచి తిరుగుతుంటే, ఆ పిల్ల నుంచి పక్కింటి పసివాడికి పూర్తి రోగం పట్టుకునేది. ఉన్నవాళ్లు పిల్లల్ని కాపాడుకుంటుంటే లేనివాళ్ల వాడలో శవాలు లేచిన సందర్భాలున్నాయి. ఊరంతా ఒకేసారి వేయించుకుంటే తప్ప అది ఊరికి క్షేమం కాదు.

కాబట్టి జెన్నర్ కంటే ముందే మనకు టీకా ఉందన్న మాట నిజమే. ఉన్నది ఈ మొదటి టీకా. ఆవుతో దానికి సంబంధం లేదు.

ఆవు దగ్గరికి దారి

ఇంగ్లండులో ఆవుల పొదుగు మీద అప్పుడప్పుడు పొక్కులు లేచేవి. పాలు పితికేవాళ్ల చేతులకు అవి అంటుకుని, నాలుగు రోజులు నొప్పి పెట్టి మానిపోయేవి. వీళ్లకి మశూచి రాదని పాడి ఉన్న పల్లెల్లో చెప్పుకునేవారు. డార్సెట్‌లో యెట్‌మిన్‌స్టర్ అనే ఊరి రైతు బెంజమిన్ జెస్టీ 1774లో, ఊళ్లో మశూచి ఉండగా, ఆ మాట నమ్మి ఆవు పొక్కులోని రసాన్ని మేజోళ్లు అల్లే సూదితో భార్యకూ ఇద్దరు కొడుకులకూ ఎక్కించాడు. జెన్నర్ పరీక్షకు ఇరవై రెండేళ్ల ముందు మాట. భార్య చెయ్యి వాచి ప్రాణం మీదికి వచ్చింది, తర్వాత కోలుకుంది. ఊళ్లోవాళ్లు మాత్రం ఆయన్ని క్షమించలేదు. సంతకు పోతే రాళ్లు రువ్వారు, మనుషుల్లోకి పశువుని ఎక్కించాడని తిట్టారు.

మరి జెన్నర్‌కు ఎలా తెలిసింది? పాలమ్మాయి "నాకు మశూచి రాదు" అంటుంటే కుర్ర జెన్నర్ విన్నాడన్న కథ ఆయన రాసింది కాదు. ఆయన పోయాక జాన్ బేరన్ అనే స్నేహితుడు రాసిన జీవితచరిత్రలోది. ఇప్పటి పరిశోధకులు చూపించే దారి వేరే ఉంది, నాకది ఆ కథ కంటే ఎక్కువ నచ్చుతుంది. జెన్నర్ ఉండే గ్లాస్టర్‌షైర్‌లోనే జాన్ ఫ్యూస్టర్ అనే వైద్యుడు ఊళ్లు తిరిగి పాత టీకా, అంటే మశూచి చీము, వేసేవాడు. కొందరు రైతులకు ఎన్నిసార్లు అంటించినా చేతి మీద ఏమీ లేవలేదు. ఎప్పుడైనా మశూచి వచ్చిందా అంటే లేదన్నారు. ఆవు పొక్కులు వచ్చాయా అంటే వచ్చాయన్నారు. ఆ ప్రాంతపు వైద్యులు దీని గురించి మాట్లాడుకునేవారు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎవరికి మశూచి రాదో, ఎవరు ఇన్నాళ్లూ అదృష్టం కొద్దీ తప్పించుకున్నారో బయటికి చూస్తే తెలియదు. కావాలని అంటించి చూసినప్పుడే తేలుతుంది. అంటే పాత టీకా ఊరూరా నడుస్తుండబట్టే, ఆవు పొక్కుల రక్షణ ఉత్త ఊరి మాటగా మిగిలిపోకుండా పరీక్షకు నిలిచింది. బెంగాల్ టీకాదారులు, తుర్కీ ముసలమ్మలు, ఒనెసిమస్ లేకపోతే జెన్నర్ చేతికి ఆ కొలబద్ద దొరికేది కాదు. రెండో టీకాకి మొదటి టీకా తల్లి.

జెన్నర్‌కి ఆ తల్లి చెయ్యి ఎంత కరుకో తెలుసు. 1757లో, ఎనిమిదేళ్ల వయసులో, ఆయనకు పాత టీకా వేశారు. ముందు రోజుల తరబడి కడుపు మాడ్చారు, రక్తం తీశారు, విరేచనాలకిచ్చారు. తర్వాత మిగతా పిల్లలతో పాటు గుర్రపుశాలలో ఉంచారు. పెద్దయ్యాక లండన్‌లో జాన్ హంటర్ దగ్గర వైద్యం నేర్చుకుని, సొంత ఊరు బర్క్‌లీకి తిరిగొచ్చి పల్లె వైద్యుడిగా స్థిరపడ్డాడు. 1789లో ఇంగ్లండు శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకున్నది కోకిల పిల్ల గూట్లోని మిగతా పిల్లల్ని ఎలా తోసేస్తుందో చూసి రాసినందుకు. పనిగట్టుకుని చూడటం, చూసింది రాయడం ఆయనకు ముందు నుంచీ ఉన్న అలవాటు.

1796 మే 14. సారా నెల్మ్స్ అనే పాలు పితికే అమ్మాయికి ముల్లు గీరుకున్న చోట ఆవు పొక్కు లేచింది. బ్లాసమ్ అనే ఆవు నుంచి అంటింది. జెన్నర్ ఆ పొక్కులోని రసం తీసి, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతి మీద అరంగుళం పొడవున రెండు పైపై గాట్లు పెట్టి అద్దాడు. ఏడో రోజుకి పిల్లాడికి చంకలో నొప్పి. తొమ్మిదో రోజున చలి, తలనొప్పి, అన్నం సయించలేదు. మర్నాటికి మామూలయ్యాడు. జులై 1న జెన్నర్ ఆ పిల్లాడికే నిజం మశూచి చీము ఎక్కించాడు. ఏమీ కాలేదు.

ఫిప్స్ తండ్రి కూలి పని చేసుకునే మనిషి. ఆ కుటుంబాన్ని ఎవరు ఏ మాటలతో ఒప్పించారో తలుచుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది. ఆనాటి లెక్కలో మశూచి చీము ఎక్కించడం ప్రతి పిల్లకీ చేసే పనే కాబట్టి, ఆ రెండో గాటు మనకు కనిపించినంత దారుణంగా వాళ్లకు కనిపించి ఉండదు. జెన్నర్ తర్వాత ఫిప్స్‌కి అద్దె లేకుండా ఇల్లిచ్చాడు. 1823లో జెన్నర్ పోయినప్పుడు ఫిప్స్ అంత్యక్రియలకు వెళ్లాడు. జాన్ బేకర్ అనే ఐదేళ్ల పిల్లాడి సంగతి అలా ముగియలేదు. 1798లో వాడికి గుర్రపు పొక్కుల వంశానికి చెందిన రసం వేశారు. మశూచితో పరీక్షించేలోపే బీదల శరణాలయంలో జ్వరం తగిలి పోయాడు.

ఒక్క పిల్లాడి మీద చేసిన పరీక్షను రాయల్ సొసైటీ అచ్చు వేయలేదు. వేయకపోవడం తప్పని నేను అనను. ఒక్కడితో ఏం తేలుతుంది? జెన్నర్ ఆవులకు మళ్లీ పొక్కులు వచ్చేదాకా, దాదాపు రెండేళ్లు ఆగాడు. ఆయన పనంతటిలో పెద్ద మెట్టు ఆ తర్వాతే ఎక్కాడు. 1798 వసంతంలో ఆవు నుంచి విలియం సమ్మర్స్ అనే పిల్లాడికి వేశాడు. వాడి చేతి పొక్కు నుంచి విలియం పెడ్‌కి, పెడ్ నుంచి హానా ఎక్సెల్ అనే ఏడేళ్ల పాపతో పాటు మరికొందరికి, అక్కణ్ణుంచి ఇంకొకరికి, వాళ్ల నుంచి మరొకరికి. ఐదు చేతులు మారినా రసం బలం తగ్గలేదు. జెస్టీకి ఆవు కావాల్సి వచ్చింది. ఈ పరీక్షతో ఆవు అక్కర్లేకుండా పోయింది. పొదుగు పొక్కులు ఎప్పుడో, ఎక్కడో లేచేవి. వాటి కోసం కాచుకుని ఉంటే లోకానికి టీకా వేయడం అయ్యే పని కాదు. మనిషి చెయ్యే ఇక ఆవు. అదే ఏడు ఇరవై మూడు ఉదంతాలతో సొంత ఖర్చు మీద పుస్తకం వేశాడు. లాటిన్‌లో ఆవుని "వాకా" అంటారు కాబట్టి, రిచర్డ్ డన్నింగ్ అనే వైద్యుడు 1800లో ఈ పనికి వ్యాక్సినేషన్ అని పేరు పెట్టాడు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత లూయీ పాశ్చర్ ఆ పేరునే మిగతా రోగాల మందులకూ పెట్టాడు. కరోనాకు వేసుకున్న సూదిలో ఆవు పేరు ఉన్నది అందుకే.

బతికి ఉన్న మందు

ఇక్కణ్ణుంచి కథ డాక్టర్లది కాదు, పిల్లలది.

గాటు పెట్టిన చోట మూడు నాలుగు రోజులకు ఎర్రగా పొంగుతుంది. ఎనిమిదో రోజుకి ముత్యంలాంటి పొక్కు, అందులో తేటగా రసం. తీసుకోవాల్సింది అప్పుడే. ఇంకో రెండు మూడు రోజులాగితే రసం చిక్కబడి చీమవుతుంది, తర్వాత పక్కు కడుతుంది. ఆ ఎనిమిదో రోజున ఇంకా మశూచి రాని, టీకా పడని మరో పిల్ల పక్కన సిద్ధంగా ఉండాలి. లేకపోతే గొలుసు తెగుతుంది. దారాల్ని రసంలో ముంచి ఆరబెట్టి, గాజు పలకల మధ్య పెట్టి పంపిస్తే దగ్గరి ఊళ్లకు చేరేది. నెలల తరబడి ఓడ ప్రయాణంలో, ఎండలో అది చచ్చిపోయేది.

తొలి రోజుల్లో గొలుసులో కల్తీ కూడా పడింది. 1799లో లండన్‌లో విలియం వుడ్‌విల్ అనే వైద్యుడు మశూచి ఆసుపత్రిలోనే ఈ కొత్త టీకాలు వేశాడు. చుట్టూ మశూచి రోగులు. వేయించుకున్న చాలామందికి ఒళ్లంతా పొక్కులు లేచాయి. అది ఆవు రసమా, మశూచి కలిసిన రసమా అని జెన్నర్‌కూ ఆయనకూ పెద్ద గొడవైంది. వుడ్‌విల్ పంచిన రసం అప్పటికే చాలా ఊళ్లకు వెళ్లిపోయింది.

స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్ అమెరికా ఖండంలోని తన రాజ్యాలకు టీకా పంపాలనుకున్నప్పుడు, ఫ్రాన్సిస్కో హావియెర్ దె బాల్మిస్ అనే వైద్యుడు పిల్లలతోనే గొలుసు కట్టాడు. 1803 నవంబర్ 30న లా కొరూన్యా రేవు నుంచి మరియా పీతా అనే ఓడ బయల్దేరింది. అందులో ఇరవై ఇద్దరు మగపిల్లలు, దాదాపు అంతా అనాథలే, మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్లలోపు వాళ్లు. వాళ్లను చూసుకోవడానికి అనాథాశ్రమం నడిపే ఇసబెల్ సెందాల్ వెళ్లింది, ఆవిడ కొడుకూ ఆ పిల్లల్లోనే ఉన్నాడు. వారం పది రోజులకోసారి ఇద్దరేసి పిల్లలకు ముందు ఇద్దరి చేతుల నుంచి రసం ఎక్కించాలి. ఇద్దరెందుకంటే ఒకరి పొక్కు చితికినా ఇంకొకరిది ఉంటుందని. నిద్రలో గోక్కోకుండా కాచుకోవడం సెందాల్ పని. వెనిజులా తీరం చేరేసరికి ఒక్క పిల్లాడి చేతి మీదే బతికున్న పొక్కు మిగిలింది. క్యూబాలో పిల్లలు దొరక్కపోతే బాల్మిస్ బానిస అమ్మాయిలను కొన్నాడు. మెక్సికో నుంచి ఇరవై ఆరుగురు కొత్త పిల్లలతో పసిఫిక్ దాటి 1805లో మనీలా చేరాడు. రాజు తరఫున పిల్లలకు తిండి, చదువు చూస్తామని మాటిచ్చారు. స్పెయిన్ పిల్లలు తిరిగి ఇంటికి పోలేదు.

మన దేశానికి అంతకంటే ముందే చేరింది, చాలా దూరం నేల దారిన. వియన్నాలో ఉన్న జాన్ దె కారో అనే వైద్యుడు రసంలో తడిపిన దూదిని గాజు పలకల మధ్య పెట్టి మైనంతో మూసి బాగ్దాద్‌కు పంపాడు. అక్కడ, తర్వాత బస్రాలో, మళ్లీ పిల్లల చేతుల మీద నడిచింది. అక్కణ్ణుంచి ఓడలో బొంబాయి. 1802 జూన్ 14న బొంబాయిలో ఆనా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాప చేతి మీద టీకా పట్టింది. ఈ దేశంలో అదే తొలి ఆవు టీకా. మరుసటి వారం ఆ పాప చేతి నుంచి మరో ఐదుగురు పిల్లలకు వేశారు. అక్కణ్ణుంచి పుణెకు, సూరత్‌కు, హైదరాబాద్‌కు, మద్రాసుకు, ఆ పైన ఓడలో కలకత్తాకు. అంతా ఆరు నెలల్లోపే. తెలుగు నేల మీద చేతి నుంచి చేతికి రసం నడిచిన ఆ తొలి పిల్లల పేర్లు మనం ఎవరం చెప్పుకోలేకపోతున్నాం. ఆనా పేరు మిగిలింది, అదే చాలా అరుదు.

మైసూరు రాణి చెయ్యి, ధన్వంతరి పేరు

కంపెనీవాళ్లకు రసం రావడం సులువైంది గానీ, జనాన్ని ఒప్పించడం కాలేదు. పాత టీకాదారులకు అది బతుకుతెరువు. జనానికి అమ్మవారితో పెట్టుకోవడం. పాత టీకాలో పూజ ఉంది, పత్యం ఉంది, తల్లి అనుమతి ఉంది. కొత్తదానిలో కంపెనీ ఉద్యోగి, కత్తి, అంతే.

అప్పుడు రెండు ఉపాయాలు నడిచాయి. ఒకటి మైసూరులో. థామస్ హికీ అనే చిత్రకారుడు 1805 ప్రాంతంలో ముగ్గురు రాచస్త్రీల బొమ్మ గీశాడు. కుడివైపు ఉన్న యువతి చీర చెరగు పక్కకి లాగి జబ్బ చూపిస్తున్నట్టు నిలబడి ఉంటుంది. ఎడమవైపు ఆవిడ ముక్కు, నోటి చుట్టూ చర్మం రంగు మారి ఉంటుంది. కుడివైపున ఉన్నది బాలరాజు మూడో కృష్ణరాజ ఒడెయరు భార్య దేవజమ్మణి అని, చూపిస్తున్నది కొత్త టీకా వేసిన చోటని, ఎడమావిడ ముఖం మీది గుర్తులు పాత టీకావని చరిత్రకారుడు నైజెల్ చాన్సలర్ వాదన. అదే నిజమైతే, అంతఃపురం దాటి రాని ఆడవాళ్లు అలా చెయ్యి చూపిస్తూ బొమ్మకు నిలబడటం చిన్న సంగతి కాదు.

రెండో ఉపాయానికి మన తెలుగుతో చుట్టరికముంది. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు భాష చదివినవాళ్లకు తెలుసు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో 1816లో చూపించింది ఆయనే. ఆ ఎల్లిసే తమిళంలో ఆవు టీకా గురించి ఒక పురాణంలాంటి కథ రాశాడు. అందులో శక్తికీ ధన్వంతరికీ సంవాదం. పంచగవ్యాలకు తోడు ఆవు ఇచ్చే మరో వరం ఈ పొక్కు రసమని చెప్పడం దాని ఉద్దేశం. జనం తమ దేవతల నోట వింటే నమ్ముతారని ఆశ. తర్వాత 1819లో మద్రాసు కొరియర్ పత్రికలో ఒక ఉత్తరం వచ్చింది. ధన్వంతరి రాసిన పాత గ్రంథంలో ఆవు పొదుగు మీది పొక్కు రసాన్ని కత్తి మొనతో తీసి జబ్బ మీద ఎక్కించే పద్ధతి ఉందని అందులో రాశారు. అది లండన్ దాకా పోయింది, ఐరోపా పుస్తకాల్లోకెక్కింది. రెండు వందల ఏళ్ల తర్వాత మన ఫోన్లలోకి తిరిగొచ్చింది.

ఆ మాటలున్న పాత తాళపత్రాన్ని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. చరకంలో, సుశ్రుతంలో మసూరిక పేరుంది గానీ, ఆవు పొక్కు టీకా లేదు. సంస్కృత వైద్య గ్రంథాలను ఏళ్ల తరబడి చదివిన డొమినిక్ వుయాస్టిక్ దీన్ని తవ్వి చూసి, టీకా మీద నమ్మకం కలిగించడానికి కంపెనీ కాలంలో పుట్టించిన రచనగా తేల్చాడు. నాకు ఇందులో బాధ కలిగించేది ఒకటే. నిజంగా మన దేశపువాళ్లు ఊరూరా తిరిగి చేసిన మొదటి టీకా ఉంది, చూసి రాసినవాళ్లున్నారు. దాన్ని వదిలేసి, మనల్ని ఒప్పించడానికి తెల్లవాళ్లు అల్లిన కథను మన ఘనతగా చెప్పుకుంటున్నాం.

ఎవరి చేతులు

గొలుసు నడవాలంటే టీకా వేయించుకున్న పిల్లని ఎనిమిదో రోజున మళ్లీ తీసుకురావాలి. ఆ పిల్ల పొక్కుని పొడిచి రసం తీసి ఇతరులకు వేస్తారు. తల్లులకిది ఒప్పలేదు. పిల్ల ఒంట్లో బలం లాగేస్తున్నారని భయం. రసం ఇచ్చే పిల్లలుగా బీద ఇళ్లవాళ్లు, తక్కువగా చూడబడ్డ కులాలవాళ్లు దొరికేవారు, డబ్బులిచ్చి తెచ్చేవారు. ఆ రసం తమ పిల్లల ఒంట్లోకి వద్దని పై కులాలవాళ్లు అడ్డం తిరిగారు. ఆ పిల్లల చేతుల మీది పొక్కు తమ పిల్లల ప్రాణం కాపాడుతుందంటే కూడా ముట్టుకోవడానికి మనసొప్పని రోజులవి. ఎండాకాలం రసం పట్టదు కాబట్టి చలికాలంలోనే వేసేవారు. ప్రతి ఏటా గొలుసు తెగడం, మళ్లీ ఎక్కడి నుంచో తెప్పించడం.

భయాలన్నీ మూఢనమ్మకాలే అనుకోకూడదు. చేతి నుంచి చేతికి రసంతో పాటు ఇతర రోగాలూ వెళ్లాయి. 1861లో ఇటలీలోని రివాల్టాలో ఒక పిల్లాడి చేతి నుంచి వేసిన టీకాలతో పదుల కొద్దీ పిల్లలకు సిఫిలిస్ అంటింది. మనిషిని వదిలేసి దూడ పొట్ట మీద రసం పెంచే పద్ధతి ఇటలీలో అప్పటికే ఉంది. ఈ దెబ్బతో అది ఐరోపా అంతా పాకింది. మన దేశంలో గేదె దూడల్ని వాడారు. దూడ రసాన్ని గ్లిజరిన్‌లో కలిపితే చెడిపోకుండా ఉంటుందని 1890ల్లో తేలాక, పిల్లల గొలుసు అవసరం పోయింది. ఇంగ్లండులో చేతి నుంచి చేతికి వేయడాన్ని 1898లో ఆపేశారు.

ఒకసారి వేస్తే జీవితాంతం కాపాడుతుందని జెన్నర్ నమ్మాడు. ఆ నమ్మకం తప్పు. కొన్నేళ్లకు రక్షణ తగ్గుతుంది, మళ్లీ వేయాలి. జర్మన్ రాజ్యాల సైన్యాలు 1830ల నాటికే సిపాయిలకు రెండోసారి వేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లండు పెద్దలు మాత్రం జెన్నర్ మాట జవదాటడానికి చాలాకాలం తటపటాయించారు. మా అమ్మమ్మకి ఒక్కసారే రెండు గాట్లు పడ్డాయో, రెండు విడతలుగా పడ్డాయో అడిగి ఉండాల్సింది.

ఇంకో చిక్కు మిగిలింది. 1939లో అలన్ డౌనీ అనే శాస్త్రవేత్త టీకాల్లో వాడుతున్న వైరస్‌నీ, ఆవుల పొక్కుల్లోని వైరస్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటి కాదు. జెన్నర్ ఆవు నుంచి తీసిన రసం నూట నలభై ఏళ్లలో లక్షల చేతులు, దూడలు మారి ఏమైందో, మధ్యలో ఎక్కడ ఏది కలిసిందో తెలియదు. ఆవులకు ఈ రోగం గుర్రాల నుంచే వస్తుందని జెన్నర్ మొదటి నుంచీ అనేవాడు. అప్పట్లో ఆయన్ని వెక్కిరించారు. 1902లో అమెరికాలో తయారైన ఒక పాత టీకా సీసాను 2017లో పరీక్షించి చూస్తే, అందులోని వైరస్ ఆవు పొక్కుల కంటే గుర్రపు పొక్కుల వైరస్‌కే బాగా దగ్గరగా ఉంది.

మన దేశంలో చివరి మశూచి రోగి 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించింది. 1980 మే 8న ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. ఆ తర్వాత పుట్టినవాళ్ల జబ్బ మీద కనిపించే చిన్న మచ్చ బీసీజీది, క్షయ కోసం వేసింది. మా అమ్మమ్మ జబ్బ మీది పావలా బిళ్లలు వేరు. బర్క్‌లీలో ముల్లు గీరుకున్న అమ్మాయి చేతి నుంచో, ఏ ఆవు నుంచో, ఏ గుర్రం నుంచో బయల్దేరి, బస్రా పిల్లల మీదుగానో గేదె దూడల మీదుగానో వచ్చి, గడ్డివాము వెనక దొరికిపోయిన ఆ పిల్ల చేతి మీద ఆగిన మచ్చలవి.